ఐర్లాండ్‌లో ఒంటరిగా బ్యాక్‌ప్యాకింగ్, హాస్టళ్ళలో కొత్త స్నేహాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో టూరిస్టుగా వెళ్ళేవాళ్ళకీ, డబ్లిన్, కార్క్, లిమరిక్‌లలో చదువుకుంటూ సెలవులకి దేశం చూద్దామనుకునే మన పిల్లలకీ పనికొచ్చేలా ఈ పేజీ రాశాను. చూడాల్సిన చోట్ల గురించి సమాచారం ఎక్కడైనా దొరుకుతుంది. మనుషులతో ఎలా కలవాలన్నది మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు కాబట్టి, ఇక్కడ దానికే ఎక్కువ చోటిచ్చాను.

ఒంటరిగా వెళ్తే బోర్ కొట్టదా? నిజంగానే ఫ్రెండ్స్ దొరుకుతారా?

దొరుకుతారు. కాకపోతే ఒక్కో ఊళ్ళో కనీసం రెండు రాత్రులు, వీలైతే మూడు ఉండాలి. మొదటి రాత్రి అందరూ కొత్తవాళ్ళే. మర్నాడు పొద్దున అదే మొహం మళ్ళీ టోస్టర్ దగ్గర కనిపిస్తుంది, మాట కలుస్తుంది. సాయంత్రానికి "రేపు ఎటు వెళ్తున్నావ్?" దాకా వస్తుంది. రోజుకో ఊరు చొప్పున పరిగెత్తేవాళ్ళకి ఈ రెండో రోజు ఉండదు. వారంలో ఐర్లాండ్ మొత్తం చుట్టేయాలని ప్లాన్ వేసుకుని, ఎవరూ పరిచయం కాలేదని బాధపడేవాళ్ళని చాలామందిని చూశాను. ఊళ్ళు తగ్గించుకోండి, రాత్రులు పెంచుకోండి. మిగతా జవాబులన్నీ దీని తర్వాతే.

హాస్టల్ అంటే మన స్టూడెంట్ హాస్టల్ లాంటిదా?

కాదు. ఇది ప్రయాణికులు ఒక్కో రాత్రికి బెడ్ అద్దెకి తీసుకునే చోటు. ఒక గదిలో నాలుగు నుంచి పన్నెండు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ బంక్ బెడ్లు ఉంటాయి. అలాంటి గదినే డార్మ్ అంటారు. బాత్‌రూమ్‌లు ఉమ్మడిగా ఉంటాయి. చాలా చోట్ల ఎవరి వంట వాళ్ళు చేసుకునే కిచెన్, కూర్చుని కబుర్లాడుకునే కామన్ రూమ్ కూడా ఉంటాయి. కుర్రాళ్ళే కాదు, అరవై దాటిన జర్మన్ సైక్లిస్టులు, రిటైరైన ఐరిష్ టీచర్లు కూడా పక్క బెడ్‌లో కనిపిస్తారు. ఐరిష్ యూత్ హాస్టల్ సంఘం ఆన్ ఓయిగ 1931లో మొదలైంది. అంటే అక్కడివాళ్ళకి హాస్టల్‌లో ఉండి కొండలెక్కడం తాతల కాలం నుంచి ఉన్న అలవాటే.

వీసా సంగతి?

ఐర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది కానీ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో లేదు. కాబట్టి షెంగెన్ వీసాతో డబ్లిన్‌లో దిగడం కుదరదు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు ఐరిష్ షార్ట్ స్టే వీసా తీసుకోవాలి. ఇది గరిష్ఠంగా 90 రోజులకి ఇస్తారు. ఫీజు సింగిల్ ఎంట్రీకి 60 యూరోలు, మల్టిపుల్ ఎంట్రీకి 100 యూరోలు. ఆన్‌లైన్‌లో ఫారం నింపి, కాగితాలు వీసా సెంటర్‌లో ఇవ్వాలి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళు రోజువారీ ప్లాన్, క్యాన్సిల్ చేసుకోగలిగే హాస్టల్ బుకింగ్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్‌లు, తిరిగి వస్తారనడానికి ఆధారంగా ఉద్యోగం లేదా చదువు లెటర్లు పక్కాగా పెట్టండి. బ్రిటిష్-ఐరిష్ వీసా స్కీమ్ కింద ఒకే వీసాతో రెండు దేశాలూ తిరిగే వీలు మన దేశస్థులకి ఉంది. కాకపోతే వీసా ఏ దేశం ఇస్తే ముందు ఆ దేశంలోనే అడుగుపెట్టాలి. నిబంధనలు మారుతుంటాయి, అప్లై చేసేముందు ఐరిష్ ఇమిగ్రేషన్ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.

హాస్టల్ ఫ్రెండ్స్ అందరూ బెల్‌ఫాస్ట్, జెయింట్స్ కాజ్‌వే వెళ్తున్నారు. నేనూ వెళ్ళొచ్చా?

అది ఉత్తర ఐర్లాండ్, యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం. కరెన్సీ కూడా పౌండ్లే. దారిలో సరిహద్దు కనపడదు, మామూలుగా బస్సు ఆగదు, రైలు ఆగదు. అంత మాత్రాన వీసా అక్కర్లేదని కాదు. పక్క బెడ్‌లోని ఆస్ట్రేలియా అమ్మాయికి మనలా ముందుగా వీసా తీసుకునే పని ఉండదు కాబట్టి "ఏం కాదు, వచ్చెయ్" అంటుంది, మనకి అవుతుంది. డబ్లిన్‌లో చదువుకుంటున్నవాళ్ళకైనా, ఐరిష్ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నా సరే, అక్కడికి బ్రిటిష్ వీసా కావాలి. అదీ, పైన చెప్పిన స్కీమ్ కింద ఇచ్చిన వీసా కూడా లేకపోతే నిస్సంకోచంగా రానని చెప్పేయండి. తర్వాతి వీసాలన్నీ పణంగా పెట్టేంత అవసరం లేదు. ఆ సమయానికి డోనెగల్ వెళ్ళండి. స్లీవ్ లీగ్ శిఖరాలు సముద్రం మీంచి 601 మీటర్ల ఎత్తుకు లేస్తాయి, అదంతా ఐర్లాండ్ రిపబ్లిక్‌లోనే ఉంది.

ఏ నెలల్లో బాగుంటుంది?

మే, జూన్, సెప్టెంబర్. జూన్‌లో డబ్లిన్‌లో దాదాపు 17 గంటలు వెలుతురుంటుంది, రాత్రి పదింటికి కూడా పూర్తిగా చీకటి పడదు. డిసెంబర్‌లో అదే ఏడున్నర గంటలకి పడిపోతుంది. చలికాలంలో చిన్న ఊళ్ళలో చాలా హాస్టళ్ళు మూసేస్తారు, తెరిచి ఉన్నవాటిల్లో మనుషులు తక్కువ. జూలై, ఆగస్టుల్లో జనం ఉంటారు కానీ రేట్లు మండిపోతాయి. మార్చి 17 సెయింట్ పాట్రిక్స్ డే, జూలై చివర్లో గాల్వే గుర్రప్పందేలు, లాంగ్ వీకెండ్లు వచ్చే మే, జూన్, ఆగస్టు మొదటి సోమవారాలు ఉన్నప్పుడు నెలల ముందే బుక్ చేయాలి. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన 2022 నుంచి చాలా హోటళ్ళనీ హాస్టళ్ళనీ ప్రభుత్వం శరణార్థుల వసతికి తీసుకుంది. ఒకప్పటి గైడ్‌బుక్‌లో ఉన్న హాస్టల్ ఇప్పటికీ ఉందనుకుని నేరుగా వెళ్ళొద్దు.

ఏ రూట్‌లో వెళ్తే ఎక్కువమంది కలుస్తారు?

కారు లేనివాళ్ళకి నేను చెప్పేది ఇదే. డబ్లిన్‌లో రెండు రాత్రులు, తర్వాత గాల్వే, అక్కడినుంచి డూలిన్, ఆపైన డింగిల్ లేదా కిలార్నీ, చివరికి కార్క్ మీదుగా మళ్ళీ డబ్లిన్. పడమటి తీరంలో బ్యాక్‌ప్యాకర్లందరూ కాస్త అటూఇటూగా ఇదే దారిలో తిరుగుతుంటారు. అందుకే గాల్వేలో వీడ్కోలు చెప్పినవాళ్ళు నాలుగు రోజుల తర్వాత కిలార్నీ కిచెన్‌లో ఎదురవుతారు. అప్పుడు ఇద్దరూ ఎంతోకాలంగా తెలిసినవాళ్ళలా కావలించుకుంటారు!

డబ్లిన్ నుంచి గాల్వేకి బస్సులో సుమారు రెండున్నర గంటలు. గాల్వే నుంచి 350 నంబర్ బస్సు డూలిన్ మీదుగా క్లిఫ్స్ ఆఫ్ మోహర్ అనే సముద్రపు కొండ అంచుల దగ్గరికి వెళ్తుంది. డూలిన్ నుంచి డింగిల్ మాత్రం మ్యాప్‌లో పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ లిమరిక్, ట్రలీ చుట్టి బస్సులు మారుతూ వెళ్ళాలి, ఆ రోజంతా ప్రయాణానికే వదిలేయండి. డోనెగల్‌కి రైలు లేదు. బస్సు వస్తుంటే చెయ్యెత్తాలి, లేకపోతే ఆగకుండా వెళ్ళిపోవచ్చు. దిగేటప్పుడు డ్రైవర్‌కి థ్యాంక్స్ చెప్పడం అక్కడ చిన్నా పెద్దా అందరి అలవాటు, మీరూ చెప్పండి. డింగిల్ వైపు, ఐరిష్ మాట్లాడే ఇతర ప్రాంతాల్లో రోడ్డు బోర్డుల మీద పేర్లు ఐరిష్‌లోనే ఉంటాయి. డింగిల్‌ని అక్కడ 'ఆన్ డంగన్' (An Daingean) అనో, 'Daingean Uí Chúis' అనో రాస్తారు. ఇది తెలియక స్టాప్ దాటిపోయే ప్రమాదముంది.

రోజుకి ఎంత ఖర్చవుతుంది?

తక్కువేం కాదు. డార్మ్ బెడ్ చిన్న ఊళ్ళలో సుమారు 25 నుంచి 45 యూరోలు, వేసవి వీకెండ్‌లో డబ్లిన్‌లో 60 కూడా దాటొచ్చు. బయట భోజనం 15 నుంచి 20. సొంతంగా వండుకుంటే తిండి ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది. ఆల్డి, లిడిల్, టెస్కోల్లో బియ్యం, ఎర్ర కందిపప్పు, ఉల్లిపాయలు, గుడ్లు అన్నీ దొరుకుతాయి. డబ్లిన్‌లో నేషనల్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, చెస్టర్ బీటీ లైబ్రరీ ఉచితం. నీళ్ళ సీసాలు, కూల్‌డ్రింక్ క్యాన్లు పారేయకండి. 2024 ఫిబ్రవరి నుంచి ఒక్కోదానికి 15 లేదా 25 సెంట్లు డిపాజిట్ వసూలు చేస్తున్నారు, సూపర్‌మార్కెట్‌లోని మెషీన్‌లో వేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది.

హాస్టల్ ఎలా ఎంచుకోవాలి?

రేటింగ్ కంటే ముందు కిచెన్ ఫొటో చూడండి. పెద్ద బల్ల ఉందా? పదిమంది ఎదురెదురుగా కూర్చునేలా ఉందా? ఉంటే ఆ హాస్టల్‌లో పరిచయాలు వాటంతట అవే అవుతాయి. కిచెన్ లేకుండా కింద బార్ మాత్రమే ఉన్న పెద్ద హాస్టళ్ళలో మ్యూజిక్ హోరులో పక్కవాడి పేరు కూడా వినపడదు. రివ్యూల్లో "స్టాఫ్ పేరు పెట్టి పిలిచారు", "అందరం కలిసి వండుకున్నాం" లాంటి మాటలు వెతకండి. ముప్పై నలభై బెడ్లున్న చిన్న హాస్టల్ ఒంటరి ప్రయాణికులకి సరిగ్గా సరిపోతుంది. ఆరు బెడ్ల డార్మ్ మంచిది. నాలుగు బెడ్ల గదిలో మిగతా ముగ్గురూ ఒకే గ్రూప్ అయితే మీరు పరాయివారైపోతారు, పన్నెండు బెడ్ల గదిలో నిద్ర పట్టదు. శుక్ర, శనివారాల్లో డబ్లిన్, గాల్వే, కిలార్నీలకి పెళ్ళికి ముందు పార్టీలు చేసుకునే గుంపులు వస్తాయి. ఆ రెండు రాత్రులూ చిన్న ఊళ్ళో ఉండేలా చూసుకోండి.

నాకు మొహమాటం ఎక్కువ. ముందు మాట ఎలా కలపాలి?

హాస్టల్‌లో మాట కలపడానికి తెలివైన వాక్యాలేం అక్కర్లేదు. "ఇవాళ ఎక్కడికి వెళ్ళొచ్చావ్?", "ఆ ఫెర్రీ ఎలా ఉంది?", "ఈ స్టవ్ ఎలా వెలిగించాలో తెలుసా?" ఇలాంటివి చాలు. ఒంటరిగా వచ్చిన ప్రతి ఒక్కరూ ఎవరో ఒకరు పలకరిస్తే బాగుండుననే ఎదురుచూస్తుంటారు. మీరు పలకరిస్తే వాళ్ళకి కాస్త ఊరటే.

అన్నిటికంటే బాగా పనిచేసేది టీ. కెటిల్ పెడుతూ చుట్టూ చూసి, "టీ పెడుతున్నా, మీకూ పెట్టనా?" అనండి. ఐర్లాండ్‌లో మనలాగే పాలు పోసిన చిక్కటి టీ తాగుతారు, ఎప్పుడు పడితే అప్పుడు తాగుతారు. బారీస్ టీపొడి మంచిదా, లయన్స్ మంచిదా అని వాళ్ళలో వాళ్ళే వాదించుకుంటారు. ఆ ప్రశ్న అడిగి ఊరుకోండి, మిగతా సంభాషణ వాళ్ళే నడిపిస్తారు.

మన అలవాట్లలో ఒకటి మార్చుకోవాలి. పరిచయమైన ఐదు నిమిషాలకే జీతమెంత, పెళ్ళయిందా, పిల్లలెందరు అని మనం మామూలుగా అడిగేస్తాం. అక్కడ అవి వాళ్ళంతట వాళ్ళు చెప్తేనే. ప్రయాణం గురించి, ఊరి గురించి, తిండి గురించి ఎంతైనా అడగొచ్చు. ఇంకో సంగతి, బెడ్ మీద ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పడుకుంటే పలకరించవద్దని చెప్పినట్టే. ఫోన్ చూసుకోవాలన్నా కామన్ రూమ్‌లో కూర్చుని చూసుకోండి.

కిచెన్‌లో మన వంట చేసుకోవచ్చా? వాసనకి ఏమైనా అంటారా?

చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. ఒక సాయంత్రం డూలిన్‌లో నేను నిమ్మకాయ పులిహోర కలుపుతున్నాను. ఆవాలు చిటపటమనగానే పక్క స్టవ్ మీద పాస్తా ఉడికిస్తున్న బ్రెజిల్ కుర్రాడు గిన్నెలోకి తొంగిచూశాడు. పల్లీలు ఎర్రబడ్డాక పసుపు వేస్తుంటే ఒక జర్మన్ నర్స్ వచ్చి నిలబడింది, ఇంగువ డబ్బా మూత తీసి వాసన చూసి మొహం చిట్లించింది. అదే అన్నంలో కలిసిన తర్వాత రెండోసారి పెట్టించుకుంది. ఆ పాస్తా, ఈ పులిహోర, ఆవిడ తెచ్చిన చీజ్, బ్రౌన్ బ్రెడ్ అన్నీ ఒకే బల్ల మీదికి చేరాయి. మర్నాడు ముగ్గురం కలిసే ఇనిష్ ఈర్ ద్వీపానికి ఫెర్రీ ఎక్కాం.

పులిహోర ఎందుకంటే, త్వరగా అవుతుంది, చల్లారినా బాగుంటుంది, గుడ్డు పాలు తిననివాళ్ళు కూడా తింటారు. అవతలివాళ్ళకి పల్లీల అలర్జీ ఉందేమో మాత్రం తప్పకుండా అడగండి, అక్కడ దాన్ని చాలా సీరియస్‌గా తీసుకుంటారు. ఎండుమిరపకాయలు మాడనివ్వొద్దు. పొగకి ఫైర్ అలారం మోగితే బిల్డింగ్ మొత్తం వానలో బయట నిలబడాల్సి వస్తుంది. పోపు పెట్టేముందు కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, మంట తగ్గించండి. గిన్నెలు వెంటనే కడిగి తుడిచి పెట్టేయండి. ఎన్ని వంటలు తినిపించినా సింక్‌లో గిన్నెలు వదిలేసే మనిషిని ఎవరూ ఇష్టపడరు.

ఊళ్ళు మారేటప్పుడు మిగిలిన ఉప్పు, నూనె, పాస్తా వంటివి "ఫ్రీ ఫుడ్" అని రాసిన అరలో పెట్టి వెళ్తారు. ముందు ఆ అర చూసుకుని తర్వాత షాపింగ్‌కి వెళ్ళండి. ఇండియా నుంచి నేరుగా వెళ్ళేవాళ్ళు పాలు, నెయ్యి, మాంసం కలిసినవేవీ తీసుకెళ్ళకూడదు, యూరోపియన్ యూనియన్ నిబంధనలు ఒప్పుకోవు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. పసుపు, ఇంగువ, ఆవాలు, కందిపొడి చిన్న డబ్బాల్లో చాలు.

నేను మందు తాగను. పబ్‌కి వెళ్ళకపోతే వెలివేసినట్టు అవుతుందా?

పబ్‌కి వెళ్ళండి, తాగకండి. ఇదేం విచిత్రం కాదు. ఐర్లాండ్‌లో పబ్ ఊరి రచ్చబండ లాంటిది, పెద్దవాళ్ళు ఒక టీ కప్పుతో గంటలు కూర్చుంటారు. ఆల్కహాల్ లేని గిన్నిస్ ఉంది, క్లబ్ ఆరెంజ్ అనే నారింజ డ్రింక్ ఉంది. ఎందుకు తాగవని అడిగితే "అలవాటు లేదు" అంటే సరిపోతుంది, ఎవరూ లాగరు.

తెలుసుకోవాల్సింది రౌండ్ పద్ధతి. నలుగురు కలిసి వెళ్తే ఒకరు నలుగురికీ కొంటారు, తర్వాత ఇంకొకరు. మీరు జ్యూస్ తాగుతూ వాళ్ళ బీర్లకి డబ్బులు కట్టాల్సి రావచ్చు, మీ వంతు తప్పించుకుంటే మాత్రం చెడ్డపేరు. కాబట్టి మొదట్లోనే "నేను నాది విడిగా కొనుక్కుంటా" అని నవ్వుతూ చెప్పేయండి. ఎవరూ ఏమీ అనుకోరు. డబ్లిన్ టెంపుల్ బార్ ఏరియాలో రేట్లు చాలా ఎక్కువ, ఫొటో తీసుకుని రెండు వీధులు దాటి వెళ్ళండి.

అసలు వెళ్ళాల్సింది సంగీతం కోసం. డూలిన్, డింగిల్, గాల్వేల్లో సాయంత్రం తొమ్మిది దాటాక పబ్ మూలన ఒక బల్ల చుట్టూ ఫిడేలు, టిన్ విజిల్, బౌరాన్ అనే డప్పు, అకార్డియన్ పట్టుకుని వచ్చి కూర్చుంటారు. స్టేజీ ఉండదు, మైకు ఉండదు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. మన భజన గోష్ఠుల్లో కూర్చున్నవాళ్ళకి ఆ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. వాళ్ళ బల్ల దగ్గర ఖాళీ కుర్చీ ఉన్నా కూర్చోకండి, అది రాబోయే కళాకారుడిది. ఎవరైనా ఒంటరిగా పాట అందుకుంటే మొత్తం పబ్ నిశ్శబ్దమైపోతుంది, అప్పుడు గ్లాసు కూడా చప్పుడు చేయకూడదు. హాస్టల్‌లో ముక్తసరిగా మాట్లాడినవాళ్ళు కూడా ఇలాంటి రాత్రి తర్వాత తిరిగి నడుస్తూ మనసు విప్పి మాట్లాడతారు.

వాళ్ళ ఇంగ్లీష్ అర్థం కావడం లేదు, ఏం చేయాలి?

కెర్రీ, కార్క్ వైపు మాట్లాడే వేగం మొదట్లో అమెరికన్లకి కూడా అందదు. "సారీ, మళ్ళీ చెప్తారా?" అనండి, విసుక్కోరు. రెండు మూడు రోజుల్లో చెవికి అలవాటవుతుంది. మన యాస గురించి టెన్షన్ అస్సలు వద్దు. హాస్టల్‌లో సగం మందికి ఇంగ్లీష్ రెండో భాషే.

కొత్తగా పరిచయమైనవాళ్ళతో కలిసి తిరగడం ఎలా మొదలవుతుంది?

ఒక్క రోజు ట్రిప్‌తో మొదలుపెట్టండి. ఆరన్ ద్వీపాల్లో పెద్దదైన ఇనిష్ మోర్ ఇందుకు నాకు తెలిసిన అన్నిటికంటే మంచి చోటు. ఫెర్రీ దిగగానే కిల్‌రోనన్ రేవులో సైకిళ్ళు అద్దెకిస్తారు. రాతి గోడల మధ్య సన్నటి దారిలో తొక్కుకుంటూ డూన్ ఎంగస్ కోట దాకా వెళ్ళొచ్చు. గాలి ఎదురైనప్పుడు ఒకరికోసం ఒకరు ఆగాలి, వాన వస్తే ఒకే గోడ చాటున నిలబడాలి, సాయంత్రం ఫెర్రీ టైమ్‌కి అందరూ రేవుకి చేరాలి. సాయంత్రానికి ఎవరితో కుదురుతుందో, ఎవరితో కుదరదో తెలిసిపోతుంది. కోట అంచున సుమారు 100 మీటర్ల లోతుకి కొండ కోసేసినట్టు ఉంటుంది, రెయిలింగ్ లేదు. బోర్లా పడుకుని తొంగిచూడాలి, సెల్ఫీ కోసం అంచున నిలబడొద్దు. క్లిఫ్స్ ఆఫ్ మోహర్ దగ్గర కూడా అంచున నిలబడొద్దు. డూలిన్ నుంచి అక్కడికి నడిచే దారిలో కొన్ని భాగాలు భద్రత కోసం మూసి ఉండొచ్చు, బయల్దేరేముందు హాస్టల్ రిసెప్షన్‌లో అడగండి.

నలుగురు కుదిరితే కారు అద్దెకి తీసుకుని గాల్వే పక్కనున్న కనెమారా ప్రాంతం గానీ, 179 కిలోమీటర్ల రింగ్ ఆఫ్ కెర్రీ చుట్టుదారి గానీ చూడొచ్చు. మనలాగే ఎడమవైపు డ్రైవింగ్. కాంట్రాక్ట్‌లో పేరున్నవాళ్ళే నడపాలి, లేకపోతే ఇన్సూరెన్స్ వర్తించదు. పెట్రోల్, డ్యామేజ్ డిపాజిట్ ఎవరెంత భరిస్తారో ఎక్కేముందే మాట్లాడుకోండి. డబ్బు సంగతి ముందు తేల్చుకుంటే స్నేహం చెడదు.

అమ్మాయిలు ఒంటరిగా వెళ్ళడం సేఫేనా?

వెళ్తున్నారు, చాలామంది. హాస్టళ్ళలో ఒంటరిగా వచ్చేవాళ్ళలో అమ్మాయిలు బాగా కనిపిస్తారు. మొదటి రెండు మూడు రాత్రులకి ఆడవాళ్ళ డార్మ్ తీసుకోండి, తోడు త్వరగా దొరుకుతుంది. చీకటి పడ్డాక కొత్త ఊరికి చేరేలా బస్సు బుక్ చేయకండి. గదిలో ఎవరివల్లైనా ఇబ్బంది అనిపిస్తే కారణం వివరించే పని లేదు, రిసెప్షన్‌కి వెళ్ళి "గది మార్చండి" అంటే మారుస్తారు. మీరు ఏ హాస్టల్‌లో, ఏ బెడ్‌లో ఉన్నారో కొత్తవాళ్ళకి బయట చెప్పొద్దు. ఎమర్జెన్సీ నంబర్ 112 లేదా 999. పోలీసులని అక్కడ గార్డ అంటారు. కొండల్లో రెస్క్యూకి కూడా ఇదే నంబర్.

ఇండియన్స్ మీద దాడుల వార్తలు చూశాం. ఇంట్లో భయపడుతున్నారు.

వాళ్ళ భయం అర్థం లేనిది కాదు. 2025 వేసవిలో డబ్లిన్‌లో, చుట్టుపక్కల ఇండియన్స్ మీద దాడులు జరిగాయి, ఆగస్టు 1న డబ్లిన్‌లోని ఇండియన్ ఎంబసీ కూడా జాగ్రత్తలు చెప్తూ ప్రకటన ఇచ్చింది. అవి చాలావరకు నగరపు వీధుల్లో, శివార్లలో జరిగినవి. రాత్రి వేళ నిర్మానుష్యమైన చోట ఒంటరిగా నడవకండి, కుర్రాళ్ళ గుంపు కవ్విస్తే జవాబివ్వకుండా దగ్గర్లోని షాపులోకి వెళ్ళండి, ఏదైనా జరిగితే తప్పకుండా గార్డకి ఫిర్యాదు చేయండి. డబ్లిన్‌లో రాత్రులు తగ్గించి పడమటి ఊళ్ళలో పెంచమని నేను చెప్పడానికి ఇదీ ఒక కారణమే. ఆ ఊళ్ళలో నన్ను పలకరించినవాళ్ళందరూ ప్రేమగానే పలకరించారు. కానీ అందరి అనుభవమూ అదే అవుతుందని మాట ఇవ్వలేను, జాగ్రత్త ఎక్కడైనా జాగ్రత్తే.

ఇంటికి ఫోన్ చేసే విషయం కూడా ఇక్కడే చెప్తాను. వేసవిలో మనకీ వాళ్ళకీ నాలుగున్నర గంటల తేడా, చలికాలంలో ఐదున్నర. అక్కడ రాత్రి తొమ్మిదంటే ఇక్కడ అర్ధరాత్రి దాటిపోతుంది. కాబట్టి మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో చేయండి. అమ్మానాన్నలకి రేపటి హాస్టల్ పేరు ముందే పంపితే సగం టెన్షన్ తగ్గుతుంది.

డార్మ్‌లో ఏం చేయకూడదు?

స్పీకర్ ఆన్ చేసి వీడియో కాల్ మాట్లాడకూడదు. తెల్లవారుజామున బస్సుంటే బ్యాగ్ ముందు రాత్రే సర్దుకోవాలి. చీకట్లో ప్లాస్టిక్ కవర్ల గరగర కంటే గురకే నయం అంటారు అందరూ. మీకు గురక అలవాటుంటే ముందే చెప్పి ఒక జత ఇయర్‌ప్లగ్స్ ఇవ్వండి, కోపాలుండవు. అలారం ఒక్కసారి మోగగానే ఆపాలి. తడి బూట్లు డ్రైయింగ్ రూమ్‌లో పెట్టాలి.

అక్కడా మన తెలుగువాళ్ళే కలిస్తే?

హాయిగా మాట్లాడండి. ఒకే ఒక్క జాగ్రత్త, బల్ల దగ్గర మూడో మనిషి కూర్చుని ఉంటే ఇంగ్లీష్‌లోకి మారండి. ఇద్దరం తెలుగులో పడిపోతే మిగతావాళ్ళు మెల్లగా లేచి వెళ్ళిపోతారు.

ఐరిష్ వాళ్ళతో ఏం మాట్లాడితే దగ్గరవుతారు?

వాన గురించి, హర్లింగ్ అనే అక్కడి కర్రాబంతి ఆట మ్యాచ్‌ల గురించి ఎంతసేపైనా మాట్లాడతారు. ఐర్లాండ్‌ని బ్రిటన్‌లో భాగమన్నట్టు మాట్లాడితే మాత్రం నొచ్చుకుంటారు. ఉత్తర ఐర్లాండ్ రాజకీయాల్లో వాళ్ళు చెప్తే వినండి, మీ తీర్పు చెప్పొద్దు.

మన దగ్గర చెప్పడానికి రెండు మంచి కథలున్నాయి. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి. గిరి 1913లో డబ్లిన్ వెళ్ళి యూనివర్సిటీ కాలేజ్‌లో లా చదివారు. ఐరిష్ స్వాతంత్ర్యోద్యమం దగ్గరగా చూసి, 1916 ఈస్టర్ తిరుగుబాటు జరిగిన ఏడాదే దేశం వదిలి రావాల్సి వచ్చింది. తర్వాత మన రాష్ట్రపతి అయ్యారు. రెండోది మదనపల్లెది. రాస్‌కామన్ కౌంటీలోని బోయిల్‌లో పుట్టిన మార్గరెట్ కజిన్స్, భర్త జేమ్స్ కజిన్స్‌తో ఇండియా వచ్చి మదనపల్లెలో కొన్నేళ్ళు ఉన్నారు. 1919లో ఠాగూర్ అక్కడి కాలేజీకి వచ్చినప్పుడు జనగణమన బాణీకి స్వరాలు రాసింది ఆవిడే. గాల్వేలో ఒక పెద్దాయనకి ఈ సంగతి చెప్తే కుర్చీ దగ్గరికి జరుపుకుని, బోయిల్ వాళ్ళ అమ్మమ్మగారి ఊరని మొదలుపెట్టి గంటసేపు కదలనివ్వలేదు. డబ్లిన్ నుంచి స్లైగో వెళ్ళే రైలు బోయిల్‌లో ఆగుతుంది. వీలుంటే దిగి చూడండి, మదనపల్లె వాళ్ళయితే తప్పకుండా.

బ్యాగ్‌లో ఏం పెట్టుకోవాలి?

గొడుగు వద్దు, పడమటి గాలికి తిరగబడిపోతుంది. మంచి రెయిన్ జాకెట్, వాటర్‌ప్రూఫ్ బూట్లు, త్వరగా ఆరే బట్టలు, వేసవిలోనూ ఒక స్వెటర్. లాకర్‌కి సొంత తాళం. ప్లగ్ బ్రిటన్‌లో లాగా చదరపు మూడు పిన్నులది, అడాప్టర్ కావాలి. బాత్‌రూమ్‌కి ఒక ఖాళీ నీళ్ళ సీసా. షవర్‌కి రబ్బరు చెప్పులు.

ఊళ్ళు మారాక ఆ స్నేహాలు నిలుస్తాయా?

కొన్ని నిలుస్తాయి. విడిపోయేముందు రాత్రే వాట్సాప్ గ్రూప్ పెట్టేసి, ఆ రోజు తీసిన ఫొటోలు అందులో వేయండి. పొద్దున బస్సు హడావుడిలో నంబర్లు తీసుకోవడం కుదరదు. తర్వాతి ఊళ్ళో ఏ హాస్టల్ బాగుందో, ఏ బస్సు రద్దయిందో ఆ గ్రూప్‌లోనే తెలుస్తుంది. అందరితోనూ సంబంధం కొనసాగాలని పట్టుబట్టొద్దు. ఎవరైనా డబ్బు అప్పుగా అడిగితే, మీ కార్డు వాడుకుంటానంటే, ఎంత బాగా కలిసిపోయినా కుదరదనే చెప్పండి.

చివరి రాత్రి ఎక్కడ ఉండాలి?

డబ్లిన్‌లో, సిటీ సెంటర్‌కి నడిచేంత దూరంలో. ఎయిర్‌పోర్ట్‌కి రైలు లేదు, బస్సులే. తెల్లవారుజాము ఫ్లైట్ అయితే ఎయిర్‌పోర్ట్ బస్సు ఆగే స్టాప్‌కి దగ్గరున్న హాస్టల్ తీసుకుని, చెకౌట్ రాత్రే ముగించుకోండి. గదిలో లైట్ వేయకుండా బ్యాగ్ తలుపు బయట సర్దుకోండి.